థంబ్‌నెయిల్‌లో భయం, వీడియోలో అభయం

ప్రయాణాల లోకంలో ఈ మధ్య ఒక కొత్త విద్య బయల్దేరింది. ఏ దేశానికి వెళ్తే ప్రాణం పోవచ్చని ప్రభుత్వాలు మొత్తుకుంటున్నాయో సరిగ్గా ఆ దేశానికే వెళ్ళడం, వెళ్ళి 'ఏం కాదు గైస్' అని కెమెరాకు చెప్పడం, చెప్పేసి తిరిగొచ్చేయడం. థంబ్‌నెయిల్ మీద వ్లాగర్ గారు నోరు బార్లా తెరిచి, కళ్ళు ఇంతింత చేసుకుని ఉంటారు. వెనక తుపాకీ పట్టిన గడ్డం మనిషి, అతని వైపు ఒక ఎర్ర బాణం, కింద పసుప్పచ్చ అక్షరాల్లో 'చావు తప్పి బయటపడ్డా!' అయ్యో పాపం, ఏమైందో అని నొక్కుతాం. పన్నెండో నిమిషానికి ఆ తుపాకీ మనిషే ఆయనకు టీ పోస్తుంటాడు. 'చూశారా ఫ్రెండ్స్, ఇక్కడి జనం బంగారం. మీడియా చెప్పేదంతా అబద్ధం. మన ఊరికంటే ఇక్కడే సేఫ్!' థంబ్‌నెయిల్‌లో భయం లేకపోతే మనం నొక్కం. వీడియోలో అభయం లేకపోతే ఆయన వీరుడు కాడు. ఒకే కొట్లో రెండు సరుకులూ అమ్ముడుపోతున్నాయి, గల్లాపెట్టె మాత్రం ఒకటే.

'నేను వెళ్ళొచ్చాను, నాకేం కాలేదు' అన్నది ఈ విద్యలో మొదటి సూత్రం, ఆఖరి సూత్రం కూడా. కళ్ళు మూసుకుని విజయవాడ హైవే దాటినవాడు అవతల నిలబడి 'లారీలన్నీ మీడియా సృష్టి' అన్నట్టుంది ఈ వాదన. దాటలేకపోయినవాడు వీడియో పెట్టడు కదా! 2024 మే 17న ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్‌లో కాల్పులు జరిగి ముగ్గురు స్పెయిన్ పర్యాటకులు, వాళ్ళతో పాటు ఆఫ్ఘన్లూ చనిపోయారు. ఆ పని తమదేనని ఇస్లామిక్ స్టేట్ చెప్పుకుంది. ఆ దేశంలో అన్నిటికంటే ప్రశాంతమైన చోటని పేరు పడ్డ లోయ అది. అలా చెప్పినవాళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు, ముందు రోజు దాకా అది నిజమే. ప్రమాదానికి ఉన్న చెడ్డ గుణమే అది. వచ్చేదాకా లేనట్టే ఉంటుంది.

ఇక వీళ్ళిచ్చే జాగ్రత్తల జాబితా చూడాలి. స్థానికుల్లాగా బట్టలు కట్టుకుని జనంలో కలిసిపోవాలట. చెప్పేటప్పుడు ఒంటి మీద ఇస్త్రీ మడత విప్పని సల్వార్ కమీజు, నెత్తిన పకోల్ టోపీ. బాగానే ఉంది. చేతిలో మూరెడు కర్ర, కర్ర చివర కెమెరా, ఛాతీకి బొచ్చు తొడిగిన మైకు. తాను దూర సందు లేదు, మెడకో డోలు! చెక్‌పోస్టుల దగ్గర కెమెరా తీయొద్దన్న సలహాను చెక్‌పోస్టు దగ్గరే, కెమెరాలోకే, గుసగుసగా చెబుతారు. మీరెక్కడున్నారో బయటివాళ్ళకు తెలియనివ్వొద్దని లైవ్‌లో చెబుతారు. మధ్యలో ఈ-సిమ్ కంపెనీ ప్రకటన, డిస్కౌంట్ కోడు.

అమెరికా విదేశాంగ శాఖ ఇలాంటి దేశాలను నాలుగో స్థాయిలో, అంటే 'వెళ్ళొద్దు' వరుసలో పెడుతుంది. అయినా వెళ్ళి తీరుతామనేవాళ్ళకు అది చేసే సూచనలు చదవదగ్గవి. వీలునామా రాసుకోండి. డీఎన్‌ఏ నమూనా మీ డాక్టరు దగ్గర ఇచ్చి వెళ్ళండి. ఎవరైనా మిమ్మల్ని బందీగా పట్టుకుంటే, మీరు బతికే ఉన్నారని తేల్చుకోవడానికి ఇంట్లోవాళ్ళతో ముందే కొన్ని ప్రశ్నలూ జవాబులూ అనుకోండి. అక్కడ సర్కారు డీఎన్‌ఏ ఇచ్చి పొమ్మంటుంటే, ఇక్కడ మనవాడు పవర్ బ్యాంకు మర్చిపోవద్దంటాడు. ఇన్సూరెన్సు తీసుకోమని కూడా అంటాడు. ఆ పాలసీ కాగితం వెనక చిన్నక్షరాల్లో యుద్ధానికీ అల్లర్లకూ ఇది వర్తించదని సాధారణంగా రాసి ఉంటుందన్న సంగతి మాత్రం అనడు.

అసలు ఆయన్ని కాపాడుతున్నదెవరు? ఆఫ్ఘనిస్తాన్‌లో విదేశీ పర్యాటకుడు సమాచార, సంస్కృతి శాఖ నుంచి అనుమతి కాగితం తీసుకోవాలి. కొత్త రాష్ట్రంలో అడుగు పెట్టినప్పుడు అక్కడి ఆఫీసులో మళ్ళీ చూపించుకోవాలి. దారిలో చెక్‌పోస్టు వచ్చినప్పుడల్లా డ్రైవరు కారు దిగుతాడు. మడతలు చిరిగిపోతున్న ఆ కాగితం తీసి చూపిస్తాడు. లోపల కూర్చున్నవాడు ఎవడో, ఎందుకొచ్చాడో, ఆ కెమెరాలో ఏముందో తన పూచీ మీద చెప్పుకుంటాడు. ఈలోగా వ్లాగర్ గారు అద్దం దించి 'సలాం' అంటారు, అవతలివాడు నవ్వుతాడు, 'ఎంత ఫ్రెండ్లీయో చూడండి!' అని ఈయన మురిసిపోతారు. ఆ నవ్వు సంపాదించిపెట్టింది ఎండలో నిలబడ్డ డ్రైవరు. వీడియోలో అతనికి దక్కేది నాలుగు సెకన్లు, అదీ వీపు వైపు నుంచి. తేడా వస్తే విమానం ఎక్కేది ఒకరు, ఊళ్ళో మిగిలిపోయి జవాబు చెప్పుకునేది మరొకరు.

ఆతిథ్యమిచ్చే ఏలికలకూ ఈ వీడియోలు కావాలి. తాలిబాన్ పర్యాటకాధికారుల లెక్కలో 2023లో దాదాపు 7,000 మంది విదేశీయులు ఆ దేశం చూసి వెళ్ళారు. మా రాజ్యం చల్లగా ఉందని ప్రపంచానికి చెప్పడానికి వాళ్ళు డబ్బు పెట్టి ప్రకటనలు వేయించుకోనక్కర్లేదు. ఎదురు టికెట్టు కొనుక్కుని వచ్చి మరీ చెప్పిపోయేవాళ్ళు దొరికారు. 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేసింది తాలిబాన్లే. ఇప్పుడు ఆ బుద్ధులు లేని గూళ్ళు చూపించి టికెట్టు అమ్ముకుంటున్నదీ వాళ్ళే. ఉన్నదాన్ని పేల్చేసి ఖాళీని అమ్ముకునే వ్యాపారదక్షత చూసి మన రియల్ ఎస్టేట్ పెద్దలు నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఆ బామియాన్ రాష్ట్రంలోనే బంద్-ఎ-అమీర్ సరస్సులున్నాయి. 2009లో ఆఫ్ఘనిస్తాన్ తొలి జాతీయ పార్కుగా ప్రకటించిన చోటు. నీలాలు కరిగించినట్టున్న నీళ్ళు, హంస బొమ్మల పడవలు, వీడియోకు అంతకంటే ఏం కావాలి? 2023 ఆగస్టులో తాలిబాన్లు అక్కడికి ఆఫ్ఘన్ ఆడవాళ్ళ రాక మాన్పించారు. మనవాడు పడవ తొక్కుతూ 'గోల లేదు, గొడవ లేదు, ఎంత ప్రశాంతంగా ఉందో!' అంటాడు. సగం జనాన్ని ఇంట్లో పెట్టి తాళం వేస్తే ఏ ఊరైనా ప్రశాంతంగానే ఉంటుంది నాయనా. ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు 2021 నుంచి అక్కడ బడి లేదు. 2022 డిసెంబరు నుంచి యూనివర్సిటీ లేదు. నీ ఫ్రేములో ఆమె ఎందుకు లేదో చెప్పకుండా ఆ దేశం సేఫ్ అని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?

సిరియా ముచ్చట కూడా ఇంతే. నియంత అసద్ గద్దె మీద ఉన్న రోజుల్లో రాజధాని డమాస్కస్ వెళ్ళి 'యుద్ధమెక్కడుంది గైస్?' అన్నవాళ్ళు తక్కువేం లేరు. హమీదియా బజారులో చెక్క రోకళ్ళతో దంచి, పిస్తా పలుకులు అద్ది ఇచ్చే ఐస్‌క్రీం తింటూ తీసిన వీడియోలవి. ఐస్‌క్రీం నిజమే, రుచీ నిజమే. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో సైద్నాయా జైలుందన్నదీ నిజమే. 2024 డిసెంబరులో అసద్ పారిపోయాక ఆ జైలు తలుపులు తెరుచుకున్నాయి, ఏళ్ళ తరబడి కనిపించకుండా పోయిన కొడుకుల కోసం తల్లులు అక్కడికి పరిగెత్తారు. వ్లాగర్ల గైడు అటువైపు కారు తిప్పలేదు. తిప్పకపోవడమే అతని ఉద్యోగం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ దేశాల్లో మామూలు జనం మంచివాళ్ళన్నది అబద్ధం కాదు. తమకు లేకపోయినా అతిథికి రొట్టె విరిచి పెడతారు. ప్రభుత్వాల హెచ్చరికల్లోనూ లోపముంది. చాలాసార్లు దేశం మొత్తానికి ఒకే ఎర్రరంగు పూసేసి చేతులు దులుపుకుంటాయి. జాగ్రత్తగా, గోల చేయకుండా వెళ్ళి, చూసి, నేర్చుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో మనకు పేచీ లేదు. పేచీ అంతా జనం మంచితనాన్ని పాలకుల ఖాతాలో జమచేసే లెక్కతో, తన అదృష్టాన్ని ఊరందరికీ గ్యారంటీ కార్డుగా పంచే ధోరణితో. రొట్టె పెట్టిన ముసలాయన మంచివాడే. ఆ ముసలాయన్ని కూడా ఆ చెక్‌పోస్టు దగ్గర ఆపి సోదా చేస్తారు మరి.

లెక్క తప్పినప్పుడు చూడాలి తమాషా. 2021 ఆగస్టులో ప్రపంచంలోని ప్రమాదకర స్థలాలేవో గూగుల్లో వెతికి, ఒక బ్రిటన్ విద్యార్థి సెలవులకు కాబూల్ వెళ్ళాడు. వారం తిరక్కుండా తాలిబాన్లు నగరంలోకి వచ్చారు. విమానాశ్రయం గేట్ల దగ్గర పసిపిల్లల్ని గోడ మీదుగా అందిస్తున్న రోజుల్లో, ఈ యాత్రికుణ్ణి బ్రిటిష్ సైన్యం విమానంలో బయటికి చేర్చింది. 'ప్రభుత్వాలు ఊరికే భయపెడతాయి' అనేవాడికి చివర్లో కావలసింది ప్రభుత్వమే. 'మీడియా అబద్ధం' అనేవాడు చిక్కుబడితే వాళ్ళమ్మ ముందుగా పిలిచేది మీడియానే. అందరికీ ఆ విమానం దొరకదు కూడా. ఉత్తర కొరియాకు టూరుకెళ్ళిన అమెరికన్ విద్యార్థి ఒట్టో వార్మ్‌బియర్‌ను హోటల్లో ప్రచార పోస్టరు దొంగిలించబోయాడని 2016 జనవరిలో పట్టుకున్నారు. పదిహేనేళ్ళ కఠిన శిక్ష వేశారు. 2017 జూన్‌లో కోమాలో ఉన్నవాణ్ణి ఇంటికి పంపారు. ఆరు రోజుల్లో చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు.

మన దేశంలోనే ఇంకో ఘనకార్యం జరిగింది. 2025 మార్చిలో ఒక అమెరికన్ యూట్యూబర్ అండమాన్‌లో బయటివాళ్ళు అడుగుపెట్టకూడని నార్త్ సెంటినెల్ దీవికి రహస్యంగా పడవ వేసుకెళ్ళి, ఒడ్డున ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టి వచ్చాడు. పోలీసులు పట్టుకున్నారు. ప్రాణాలకు తెగించాడని పొగిడినవాళ్ళూ ఉంటారు. ఎవరి ప్రాణాలకు? బయటి జబ్బుల్ని తట్టుకునే శక్తి ఆ దీవివాళ్ళకు లేదు. అతని ఒక్క జలుబు చాలు వాళ్ళను తుడిచిపెట్టడానికి. అక్కడ ప్రమాదకరమైనది దీవి కాదు, వెళ్ళినవాడు.

ఇదంతా యూట్యూబు గోల అని నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ అచ్చం ఇదే మాట మన ఊళ్ళలో ఇంకొకరు కూడా అంటుంటారు. 'ఏం కాదన్నా, అంతా సేఫ్, మనోళ్ళు చానామంది ఉన్నరు ఆడ.' ఆయన వ్లాగర్ కాదు, ఏజెంటు. పని కోసం అలాంటి చోట్లకు వెళ్ళినవాళ్ళకు ఏమైందో చూడండి. 2006లో ఆఫ్ఘనిస్తాన్‌లోని జాబుల్‌లో తాలిబాన్లు పట్టుకెళ్ళి చంపిన టెలికాం ఇంజనీరు హైదరాబాదీ. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ నుంచి ఇంటికి బయల్దేరి దారిలో అపహరణకు గురైన తెలుగు అధ్యాపకులిద్దరు ఏడాది దాటాక, 2016 సెప్టెంబరులో గానీ బయటపడలేదు. 2025 జూలైలో మాలీలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముష్కరులు ఎత్తుకెళ్ళిన ముగ్గురు భారతీయుల్లో తెలుగువాడూ ఉన్నాడు. వీళ్ళెవరూ లైకుల కోసం వెళ్ళలేదు, జీతం కోసం వెళ్ళారు. వీళ్ళకు థంబ్‌నెయిల్ లేదు. ఊళ్ళో తల్లిదండ్రులు కలెక్టరేట్ చుట్టూ తిరిగిన తిరుగుడే ఉంది.

ఇంకా విచిత్రం, ప్రమాదకర దేశాల జాబితాలో లేని కంబోడియా సంగతి. అంకోర్ వాట్ ముందు సూర్యోదయం వీడియోలు వచ్చే దేశమే. డేటా ఎంట్రీ ఉద్యోగమని అక్కడికి పంపిన కుర్రాళ్ళను గదుల్లో పెట్టి, పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్ళనే ఫోన్లలో మోసం చేయించే సైబర్ నేరాల కొలిమిలోకి తోసిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అదే దేశం, అదే విమానం. ఒకడి పాస్‌పోర్టు తన జేబులో ఉంది, ఇంకొకడిది యజమాని సొరుగులో ఉంది. తేడా అంతా అక్కడే.

కాబట్టి ఎవరైనా 'ఆ దేశం సేఫ్' అంటే, ఎవరికి అని అడగండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది, తిరుగు టికెట్టు ఎవరు కొంటారు, అక్కడి ఆడపిల్ల ఆ వీధిలో ఒంటరిగా నడవగలదా అని అడగండి. పంపేవాడు ఏజెంటైతే అతని పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. చెప్పేవాడు వ్లాగరైతే వీడియో చూసి ఆనందించండి, బుద్ధి పుడితే లైకు కూడా కొట్టండి. అతని మాట నమ్మి ఇంట్లో పిల్లాణ్ణి మాత్రం పంపకండి.