పాసుపుస్తకంలో లోతు లేదు

ఈ వేసవిలో మాచర్లకూ కారంపూడికీ నడుమ ఒక ఊళ్లో పంచాయితీకి పోయి కూర్చున్నాను. వాది, ప్రతివాది ఇద్దరూ పాలివాళ్లే, అన్నదమ్ముల బిడ్డలు. తగాదా హద్దురాయి మీద. నాగార్జునసాగర్ కుడికాలవకు నీళ్లొదిలిన ఏడు, అంటే 1967లో, తండ్రులు చేను పంచుకుని పాతుకున్న నాపరాయి అది. కాలవ నీళ్లు ఈ మెరకకు ఎక్కలేదు, రాయి మాత్రం నిలిచింది. అప్పట్లో తల ఒక్కటే బయటికి కనపడేదట. ఇప్పుడు తల కింద మెడ కూడా కనపడుతోంది, తెల్లగా, బెత్తెడు.

"పైకి పీకి నా వైపుకి జరిపాడు" అంటాడు పెద్దాయన.

"నేనెందుకు పీకుతాన్నా? పోలేరమ్మ గుళ్లో దీపం ఆర్పమంటే ఆర్పుతా" అంటాడు చిన్నాయన.

పెద్దమనుషులు నలుగురు, టీలు మూడు విడతలు. కొలిస్తే తేలిన తేడా అర సెంటు. ఇరవై నాలుగు గజాలు, ఒక మోస్తరు వసారా అంత. అంత మాత్రానికే గురజాల కోర్టు దాకా పోదామని ఇద్దరూ సిద్ధం. పల్నాటోళ్లం కదా, పౌరుషానికి మనకు పెద్ద కారణాలు అక్కర్లేదు. వెనకటికి యుద్ధానికి కోడిపుంజు చాలింది.

మాట్లాడుకున్నంత సేపూ పక్క డొంకలో చెరువు మట్టి తోలే ట్రాక్టర్లు దుమ్ము రేపుకుంటూ పోతూనే ఉన్నాయి. ఆ దుమ్ము టీలో పడుతుంటే గ్లాసు మీద చెయ్యి మూసుకుని తాగుతున్నాం. రాయిని ఎవరు పీకారని అందరూ అడిగారు. నేల ఎటు పోయిందని ఒక్కడూ అడగలేదు.

అడగరు. ఎందుకంటే మన పాసుపుస్తకంలో ఎకరాలు ఉన్నాయి, సెంట్లు ఉన్నాయి, సర్వే నెంబరు ఉంది, మన ఫొటో కూడా ఉంది. లోతు అన్న గడి మాత్రం లేదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేకు డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి. చేను పొడుగు, వెడల్పు సెంటీమీటర్లలో చెప్పగలిగే రోజులొచ్చాయి. మందం ఎంతో చెప్పే యంత్రం ఏ డ్రోనుకూ కట్టలేదు. కాబట్టి పక్కవాడు అడుగు జరిగితే దొంగ. చేనంతా అంగుళం దిగితే అది వాతావరణం.

కాస్త లెక్క చూద్దాం. ఎకరం మీద అంగుళం మందాన ఉన్న మట్టి తూకం సుమారు 130 టన్నులు. ట్రాక్టరు ట్రక్కుకు మూడేసి టన్నులు వేసుకున్నా నలభై ట్రక్కులు దాటుతుంది. పాలివాళ్లు కొట్టుకున్న ఆ అర సెంటును మీటరు లోతున తవ్వి మొత్తం ఎత్తుకుపోయినా పాతిక టన్నులే. పాతిక టన్నులకు ప్లీడరును పెట్టుకునే మనిషి 130 టన్నులకు కనీసం కేకైనా వేయొద్దూ?

ధ్రువనారాయణ, రాంబాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1983లో దేశం మొత్తానికి అంచనా కట్టారు. ఏటా హెక్టారుకు సగటున 16.4 టన్నుల మట్టి తన చోటు వదిలి పోతోందన్నారు. మన భాషలో ఎకరానికి ఆరున్నర టన్నులు, ఏడాదికి రెండు ట్రక్కులు. ఆ లెక్కన అంగుళం పోవడానికి ఇరవై ఏళ్లు. ఆడపిల్ల పుట్టి పెళ్లీడుకొచ్చేలోపు చేను అంగుళం దిగుతుందన్న మాట. ఆ అంగుళం మళ్లీ తయారు కావడానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. కట్నం కింద ఇచ్చే రెండెకరాల్లో అప్పటికి ఎన్ని అంగుళాలు మిగిలాయో వియ్యంకుడు ఎలాగూ అడగడు. ఆయన పాసుపుస్తకంలోనూ ఆ గడి లేదు.

ఈ మాట ఎత్తితే ముందుగా వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: "మాది చదును చేను, ఇక్కడ వాలెక్కడిది?"

పల్నాడులో ఎవరిని అడిగినా వాళ్ల చేను చదునే. వాలు ఎప్పుడూ పక్కవాడి చేలో ఉంటుంది. పెద్దాయనా అదే అన్నాడు. దగ్గర్లో ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రీని బతిమాలి నీళ్ల గొట్టం తెచ్చాం. గోడ మట్టానికి వాడే మామూలు ప్లాస్టిక్ గొట్టమే. ఒక కొస చేను ఎగువ గట్టు దగ్గర పట్టుకుని, రెండో కొసతో ఎకరం దిగువకు పోయాం. గొట్టంలో నీళ్లు రెండువైపులా ఒక్క మట్టాన నిలిచాక చూస్తే, ఎగువన నేలను తాకుతున్న మట్టం దిగువన మోకాలు దాటి పైకొచ్చింది. నూటికి ఒక పాలు వాలు అంటే ఇంతే. ఎకరం అడ్డానికి అరవై సెంటీమీటర్ల పైచిలుకు. కంటికి కనపడదు, వానకు కనపడుతుంది.

పెద్దాయన రెండుసార్లు వంగి చూశాడు. "గొట్టంలో గాలి బుడగుంది, సరిగ్గా చూడు మేస్త్రీ" అన్నాడు.

ఇక రెండో గొప్ప, తిన్నని సాలు. మన దగ్గర మంచి సేద్యగాడంటే తాడు పట్టినట్టు సాలు తోలినవాడు. గట్టు మీద నిలబడి చూస్తే ఈ కొస నుంచి ఆ కొసకు చూపు జారిపోవాలి. చూపు ఎటు జారుతుందో నీళ్లూ అటే జారతాయన్న సంగతి మన సౌందర్య దృష్టికి అడ్డం రాదు. ట్రాక్టరు డ్రైవరుకు కావలసింది పొడుగు సాలు. మలుపులు తగ్గితే డీజిలు తగ్గుతుంది, గంట తగ్గుతుంది. మన దురదృష్టం కొద్దీ చాలా చేలు పొడుగు వైపే వాలి ఉంటాయి. మూడడుగుల ఎడంతో పత్తి పెట్టిన ఎకరంలో ఇటూఅటూగా డెబ్భై సాళ్లు పడతాయి. సాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగితే కుడికాలవకు 1967 ఆగస్టులో నీళ్లొచ్చాయి. మన డ్రైవరు ఒక్క పూటలో డెబ్భై కాలవలు తవ్వి అవతల పడేశాడు. ఆ ప్రాజెక్టుకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. డెబ్భై కాలవల వాడికి బీడీ కట్ట ఇచ్చి పంపించాం.

అడ్డంగా దున్నమంటే "వంకర సాలు తోలితే ఊళ్లో నవ్వుతారు" అంటారు. కాంటూరు అన్న మాట వినగానే ఏదో ఇంజనీరింగు కాలేజీ వ్యవహారం అనుకుంటారు. నిజానికి అది అందరూ చూసిందే. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డు చుట్టూ ఒకదాని కింద ఒకటి చారలు మిగులుతాయి చూడండి, ఒక్కో చారా ఒక్కో కాంటూరు. నీళ్లు తమ చేత్తో తాము గీసిన గీత అది. అక్కడ ఒంపు ఉంటే ఒంపు తిరుగుతుంది, అంతే. ఆ గీత వెంట సాలు వేస్తే ప్రతి సాలూ ఒక చిట్టి గట్టు. దానికి నిలువుగా వేస్తే ప్రతి సాలూ ఒక కాలవ. ఖర్చు రెండింటికీ ఒకటే నాగలి.

మరి డెబ్భై కాలవల్లో పోయిన మట్టి ఎక్కడికి చేరుతుంది? కొంత నాగులేటిలోకి, కొంత చంద్రవంకలోకి. వినుకొండ వైపుదైతే గుండ్లకమ్మలోకి. తొలకరికి వాగు ఎర్రగా పొంగితే వంతెన మీద నిలబడి "కొత్తనీరొచ్చింది" అని సెల్‌ఫోన్లలో పట్టుకుంటాం. నీటికి రంగుండదని మూడో తరగతిలోనే చదువుకున్నాం. ఆ ఎరుపు మనది. మొన్న చల్లిన డీఏపీ కూడా అందులోనే ఉంటుంది. నాగులేరు, చంద్రవంక రెండూ కృష్ణలో కలుస్తాయి. కృష్ణ పులిచింతలకు పోతుంది. డెల్టా వాళ్లు మాగాణి రైతులని, మనం మెట్ట వాళ్లమని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వాళ్ల మాగాణిలో మన మెట్ట ఎప్పటి నుంచో ఉంది. సాగర్ సంగతి చూస్తే, 408 టీఎంసీల జలాశయం అని మొదట గొప్పగా చెప్పుకున్నది ఇప్పుడు 312గా చెప్పుకుంటున్నాం. మిగతా చోటు ఎగువ రాష్ట్రాల చేలు వచ్చి ఆక్రమించుకున్నాయి. ఆ ఆక్రమణ మీద కూడా ఎవరూ కేసు పెట్టలేదు.

కొంత మట్టి మాత్రం అంత దూరం పోదు. పాపం, సొంతూరి మీద మమకారంతో ఊరి చెరువులోనే ఆగిపోతుంది. దాన్నే వేసవిలో పొక్లెయినుతో తవ్వి, ట్రక్కుకింతని ఇచ్చి, "బలమైన మట్టి" అని మెచ్చుకుంటూ చేలోకి తోలుకుంటాం. చెరువు మట్టి తోలడం మంచి పనే, కాదనను. కానీ వానాకాలం ఊరికే సాగనంపి ఎండాకాలం కిరాయికి రప్పించుకోవడం ఏం బేరం? పంచాయితీలో మన టీలో పడిన దుమ్ము ఇదే. విచారిస్తే, ఆ ట్రాక్టర్లలో రెండు పెద్దాయన చేనికే పోతున్నాయి.

తప్పంతా రైతు మీదే నెడితే సర్కారువారు నొచ్చుకుంటారు, తమ వాటా తమకివ్వలేదని. గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1949లోనే, కాంటూరు గట్ల పేరు మీద ఏకంగా ఒక చట్టం వచ్చింది. చేలు కోసుకుపోతున్నాయి, చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. 1995 నుంచి హనుమంతరావు కమిటీ సిఫారసుల ప్రకారం ఐదేసి వందల హెక్టార్ల వాటర్‌షెడ్లు వచ్చాయి. 2000లో నీరు–మీరు, 2015లో నీరు–చెట్టు. పేర్లు గమనించండి. నీరు ఉంది, మీరు ఉన్నారు, చెట్టు ఉంది. నేల పేరు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. అదే 2015లో భూసార కార్డు వచ్చింది. నత్రజని నుంచి జింకు దాకా పన్నెండు పరీక్షలు. చేలో మట్టి ఇంకా ఎంత లోతు ఉందన్న పదమూడో పరీక్ష లేదు. మనిషి బతికున్నాడో లేదో చూడకుండా షుగరు, బీపీ రాసిచ్చినట్టు. కార్డు బీరువాలో పదిలంగా ఉంది, మట్టి పులిచింతలలో ఉంది.

గట్లు వేసిన చోటన్నా నిలిచాయా అంటే అదీ ముచ్చటే. కాగితం మీద కాంటూరు గీత గీసి, ముగ్గురి చేలను ఏటవాలుగా కోసుకుంటూ గట్టు పోసిపోయేవారు. ఒకడి మూల చెక్క అవతల పడేది, ఇంకొకడి చేలో నీళ్లు నిలిచేవి. మర్నాడే గుంటక దిగేది. రైతులు ఆ గట్లను ఎందుకు చెరిపేస్తున్నారో జాన్ కెర్, ఎన్.కె. సంఘీ 1992లోనే రాశారు. హద్దులతో పొసగని గట్టును రైతు ఉంచుకోడని తేల్చారు. పైగా లోతైన నల్లరేగడిలో నీళ్లను పూర్తిగా అడ్డుకునే గట్టు పనికిరాదు. బీటల్లోంచి నీళ్లు దూరి గట్టు తెగుతుంది, తెగిన చోట వాగు పుడుతుంది. ఎర్రచేలకు సరిపోయే గట్టును రేగడికి పోయడం అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టే. చివరికి మిగిలేది పథకం పేరు, అంచనా మొత్తం చెక్కిన సిమెంటు ఫలకం. దాని పునాది మాత్రం పక్కాగా వేస్తారు.

కౌలు రైతును అడిగి చూడండి. వాడి జవాబుకు తిరుగులేదు. "సాగుదారు కార్డు పదకొండు నెలలకే ఇస్తారు సార్. నేను వేసిన గట్టు మీద గడ్డి మొలిచేసరికి చేను ఇంకొకడి చేతిలో ఉంటది." భూస్వామి గుంటూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఆయనకు కావలసిన లోతు బ్యాంకు ఖాతాది.

అమెరికాలో 1935లో హ్యూ బెనెట్ అనే నేల శాస్త్రవేత్త సెనేట్ కమిటీకి ఈ గోడు చెబుతున్న రోజుల్లోనే మైదానాల నుంచి లేచిన ధూళి మేఘం వాషింగ్టన్ మీదికొచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే చట్టమైంది. మన మట్టికి ఆ గడుసుతనం లేదు. వెలగపూడి సచివాలయం కిటికీల్లోంచి దూరి ఫైళ్ల మీద పడదు. తలొంచుకుని నీళ్లలో పోతుంది.

చేయాల్సిందేమో పెద్ద విద్య కాదు. హద్దు జోలికి, పక్కవాడి జోలికి పోనక్కర్లేదు. మన సర్వే నెంబరులోనే, గొట్టంతో ఒక గీత పట్టుకుని, దాని వెంట అడ్డంగా సాలు తోలుకోవాలి. పైరు ఎదిగాక పది సాళ్లకొకటి గొడ్డు సాలు, అంటే విత్తు లేని లోతు సాలు, వదలాలి. దిగువ గట్టు మీద వట్టివేరు దుబ్బులు వరసగా గుచ్చుకోవాలి. చేలోకి పాకదు, వేళ్లు మీటర్ల లోతుకు దిగి గట్టును పట్టుకుంటాయి. మన చలివేంద్రం కుండల్లో, కూలర్ల తడికల్లో ఉండే వట్టివేరే అది. మైసూరు వైపు గుండ్లుపేట రైతులు గట్ల మీద దాన్ని పెంచుతున్నారని ప్రపంచబ్యాంకు నిపుణులు 1980లలో కనిపెట్టి ఆశ్చర్యపోయారు. రేగడిలో నీళ్లను ఆపకుండా, కాస్త వాలుతో మెల్లగా పక్కకు నడిపించి, బయటికి పోయే చోట రాళ్లు పేర్చాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి చూస్తున్న రేగడి చేలల్లో పాత పద్ధతిన హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా మట్టి పోతే, వెడల్పు మడులు, కాలవల పద్ధతిన ఒకటిన్నర టన్నులే పోయింది. దిగుబడీ ఎన్నో రెట్లు పెరిగింది.

ఇదంతా పంచాయితీలోనే చెప్పాను. చెప్పి, బెత్తె చూపించాను. 1967 నుంచి ఇప్పటికి అరవై ఏళ్లకు దగ్గర. ఇరవై ఏళ్లకో అంగుళం చొప్పున మూడంగుళాలు. రాయి మెడ దగ్గర తెల్లగా కనపడేదీ అంతే. రాయిని ఎవరూ పీకలేదు, అది పెరగనూ లేదు. నేలే దిగిపోయింది, ఇద్దరిదీ సమానంగా. పంపకంలో ఇంత న్యాయం ఇంతకు ముందెప్పుడూ జరగలేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దమనుషులు పక్కకు పోయి గుసగుసలాడుకుని వచ్చారు. వాళ్లు చెప్పిన మాట ఇద్దరికీ నచ్చింది. గడ్డపార తెప్పించి, రాయి పెకిలించి, గుంట ఇంకో బెత్తెడు లోతు చేసి, వెనకటి లాగే తల ఒక్కటే కనపడేటట్టు పాతారు. పసుపు కుంకుమ పెట్టారు. అన్నదమ్ములిద్దరూ ఒకే చెంబులో నీళ్లు తాగారు.

మర్నాడు వాన పడింది. ఆ మర్నాడు పదునైంది. పెద్దాయన చేలోకి ట్రాక్టరు దిగింది. పొడుగు వైపే.