పెరట్లో బ్యాండికూట్

రిటైరైన మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. పట్టకపోతే ఇంట్లోవాళ్ళకి పడుతుంది. మా వీధిలో ఒకాయన మేడ మీద వంకాయలు పండించి అందరికీ ఊరికే పంచుతాడు, సాయంత్రం ఫోన్ చేసి ఎలా వండారో కనుక్కుంటాడు. ఇంకొకాయన హోమియోపతీ మొదలుపెట్టాడు. ఆయన ఎదురైతే మేం దగ్గు ఆపుకుంటాం. నాకు ఇంగ్లీషు మాటల పిచ్చి పట్టింది. అందరూ వాడే మాటలు కాదు, ఎవరూ వాడనివి.

2018 అక్టోబరులో శశి థరూర్ తన కొత్త పుస్తకం గురించి చెబుతూ ట్విట్టర్‌లో 29 అక్షరాల మాట ఒకటి వదిలారు: ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. దేశమంతా డిక్షనరీల మీద పడింది. నేనూ పడ్డాను. దేశం మర్నాటికి లేచి దులుపుకుని తన పని చూసుకుంది, నేనింకా లేవలేదు.

లాటిన్‌లో 'దానికి విలువేముంది' అనడానికి నాలుగు మాటలున్నాయిట. ఒకటి ఉన్నిపోగు, ఒకటి వెంట్రుక, ఒకటి అచ్చంగా సున్నా, ఇంకొకటి అలాంటిదే మరో పనికిమాలినది. లాటిన్ వ్యాకరణంలో ఒకే వరుసలో కూర్చున్న ఈ నాలుగింటినీ ఎవరో రైలుపెట్టెల్లా తగిలించి, చివర 'ఫికేషన్' అనే గార్డుపెట్టె పెట్టారు. 1741 నాటికే ఈ రైలు ఇంగ్లీషులో తిరుగుతోంది. ఇంతా చేసి అర్థం ఏమిటంటే, దేన్నైనా పనికిరానిదని తేల్చెయ్యడం.

మాట నోరు తిరగడానికి నాకు మూడు రోజులు పట్టింది. నాలుగోరోజు అమ్మ దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో చెప్పేసి, అర్థం కూడా వివరించాను. అమ్మకి 86 ఏళ్ళు. చేటలో మినప్పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"పూచికపుల్లలా తీసిపారెయ్యడం అన్నమాట," అంది తలెత్తకుండా. ఒక రాయి తీసి పారేసింది.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. హైదరాబాదులో అమ్మాయింటికి వెళ్ళినప్పుడు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఒక డిక్షనరీ కొన్నాను. తిరుగు ప్రయాణంలో దాన్ని పక్కసీట్లో కూర్చోబెడితే, కండక్టరు దానికీ టిక్కెట్టు తీసుకోమన్నాడు. వాదించబోయి, దాని లావూ నా లావూ పోల్చి చూసుకుని ఊరుకున్నాను.

అందులో నాకు బాగా నచ్చినది డీఫెనెస్ట్రేషన్. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరెయ్యడం అని అర్థం. దానికోసం ప్రత్యేకంగా ఒక మాట! 1618 మే 23న ప్రాగ్ కోటలో మతాల తగాదా ముదిరి, ప్రొటెస్టెంటు ప్రభువులు చక్రవర్తి తరఫు పెద్దలిద్దరినీ కిటికీలోంచి తోసేశారు. పనిలో పనిగా, పక్కనే ఉన్న పాపానికి, వాళ్ళ కార్యదర్శిని కూడా పంపించారు. దాదాపు 70 అడుగుల ఎత్తు. చిత్రం, ముగ్గురూ బతికారు. మేరీమాత కాపాడిందని క్యాథలిక్కులు అన్నారు. కింద పెంటకుప్ప ఉందని అవతలివాళ్ళు అన్నారు. దాని వెనకాలే మొదలైన యుద్ధం 30 ఏళ్ళు నడిచింది.

నా మనసంతా ఆ కార్యదర్శి ఫాబ్రీసియస్ మీదే ఉంది. చక్రవర్తి తరవాత ఆయనకి ప్రభువు హోదా ఇచ్చి, 'ఫాన్ హోహెన్‌ఫాల్' అనే బిరుదు తగిలించాడట. మన లెక్కలో చెప్పాలంటే ఇంటిపేరు 'ఎత్తునుంచి పడ్డవారు'. నేనూ ముప్ఫయ్యొక్క ఏళ్ళు గుమస్తాగిరీ చేశాను. పైవాళ్ళ తగాదాల్లో నన్నూ పై అంతస్తునుంచి చాలాసార్లు పడేశారు. బిరుదు మాట దేవుడెరుగు, ఇంక్రిమెంటు కూడా రాలేదు.

ఈ కథంతా భోజనాల దగ్గర చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

"ఆ కిటికీలకి ఊచలు లేవుట్రా?"

నాకు ముద్ద దిగలేదు. తెలుగులో ఈ మాట ఎందుకు పుట్టలేదో నేను వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. భాష పేదదనుకున్నాను, చరిత్రలో సాహసం తక్కువనుకున్నాను. కారణం ఊచలు! మనవాళ్ళకి మనిషిని బయటికి పంపాలంటే గుమ్మమే గతి. అందుకే మనకి 'మెడపట్టి గెంటడం' వచ్చింది.

"ఆ ఊచలే లేకపోతే మీ డిక్షనరీ ఈపాటికి ప్రాగ్ చేరేదండీ," అంది మా ఆవిడ, మజ్జిగ వడ్డిస్తూ.

గంగూజ్లర్ అని ఇంకో మాట. ఇంగ్లండులో కాలవగట్ల మీద నిలబడి, పడవల్ని పనీపాటా లేకుండా చూస్తూ ఉండిపోయేవాణ్ణి పడవవాళ్ళు అలా అనేవారట. మాది గోదావరి డెల్టా, మా ఊరి మధ్యనే కాలవ. పడవలు పోయి చాలాకాలమైంది గానీ చూసేవాళ్ళు పోలేదు. మొన్న పూడిక తియ్యడానికి జేసీబీ వస్తే, అరవైమందిమి చేతులు వెనక్కి కట్టుకుని మధ్యాహ్నందాకా పర్యవేక్షించాం. డ్రైవరు కుర్రాడు ఒకసారి దిగి టీ తాగుతుంటే, అదీ చూశాం.

మమ్‌సిమస్ కథ మాత్రం నాకే తగిలింది. 16వ శతాబ్దం మొదట్లో ఎరాస్మస్ అనే మహాపండితుడి నోట ప్రచారంలోకి వచ్చిన కథ ఇది. చదువు అంతంతమాత్రమైన ఒక మతగురువు ప్రార్థనలో 'సమ్‌సిమస్' అనే లాటిన్ మాటని 'మమ్‌సిమస్' అని చదువుతూ వచ్చాడు. ఆ మాటకి అర్థమే లేదు. ఎవరో తప్పు చూపించారు. ఇన్నేళ్ళు అలవాటైన నా మమ్‌సిమస్‌ని నీ కొత్త సమ్‌సిమస్ కోసం వదలను పొమ్మన్నాడు. అప్పట్నుంచి, తప్పని తెలిసినా పట్టు వదలనివాడికీ ఆ తప్పుకీ కూడా అదే పేరు. మనవాళ్ళు దీన్ని తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఒక కాలు తీసేసి తేల్చేశారు.

మాట దొరికింది, ఇక మనిషి కావాలి. మా అమ్మ రోజూ పొద్దున్న చదివే లలితా సహస్రనామంలో ఒక నామాన్ని, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ, పక్క నామంలోని సగంతో కలిపేసి చదువుతుంది. ఎరాస్మస్ అండ చూసుకుని వెళ్ళి తప్పు చూపించాను.

అమ్మ కళ్ళజోడు తీసింది. "అరవయ్యేళ్ళుగా వింటోంది అమ్మవారు. ఆవిడకి లేని అభ్యంతరం నీకెందుకురా? ఆవిడేమైనా నీకు ఫోన్ చేసిందా?"

మర్నాడు ఆ నామం దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచి చదివింది.

అమ్మ తప్పులకి దేవుడి ఆమోదం ఉంది. డిక్షనరీ తప్పులకి ఎవరుంటారు? 1934లో అమెరికాలో వెలువడ్డ వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో 'డార్డ్' అనే మాట ఉంది. సాంద్రత అని అర్థం ఇచ్చారు. ఆ మాట ఎక్కడిది అంటే, ఎక్కడిదీ కాదు. సాంద్రతకి సంక్షిప్తంగా పెద్ద డి గానీ చిన్న డి గానీ రాయొచ్చు అని ఒక చీటీ రాశారు. మధ్యలో ఉన్న 'ఆర్' (or) అన్న రెండక్షరాలూ అటూ ఇటూ ఉన్న డీలతో కలిసిపోయి కొత్త మాటై కూర్చున్నాయి. ఎవరి నోటా పుట్టలేదు, ఎవరూ వాడలేదు, ఉచ్చారణతో సహా అచ్చయింది. వ్యుత్పత్తి లేదేమిటని 1939లో ఒక సంపాదకుడికి అనుమానం వచ్చేదాకా అయిదేళ్ళు దర్జాగా ఉంది. మన శాసనసభ్యుడి పూర్తి పదవీకాలం. ఆయనలాగే ఈ అయిదేళ్ళలోనూ ఎవరికీ ఏ పనికీ అక్కరకి రాలేదు.

నేను నవ్వలేకపోయాను. ఒక కార్డులో నా ఇంటిపేరు ఉండాల్సిన చోట 'పైవిధంగా' అని అచ్చయింది. దరఖాస్తులో మా ఆవిడ పేరు కింద నా పేరు రాస్తూ, ఇంటిపేరు మళ్ళీ ఎందుకని అలా రాసిన తెలివి నాదే. డార్డ్ అయిదేళ్ళలో పట్టుబడింది. నా 'పైవిధంగా'కి పదకొండో ఏడు నడుస్తోంది. ఆ కార్డు ఇచ్చిన ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి నన్ను మర్యాదగా 'పైవిధంగా గారూ' అని పిలుస్తాడు.

అసలు దెబ్బ 'బి' అక్షరంలో తగిలింది. ఒక రాత్రి పేజీలు తిప్పుతుంటే బ్యాండికూట్ కనిపించింది. పుట్టుక: తెలుగు. పంది, కొక్కు.

లేచి కూర్చున్నాను. మన పందికొక్కు! 18వ శతాబ్దంలోనే తెల్లదొరల ఇంగ్లీషులోకి చొరబడిపోయింది. తరవాత ఆస్ట్రేలియా వెళ్ళింది. అక్కడ మూతి పొడుగ్గా, పొట్టకి సంచితో ఉన్న ఒక జంతువుని చూసి తెల్లవాళ్ళు దానికీ ఆ పేరే పెట్టేశారు. దానికీ మన పందికొక్కుకీ ఎక్కడా చుట్టరికం లేదు. 1996లో వీడియో గేమ్‌లో హీరో అయింది. 2018లో కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబోకి ఆ పేరు పెట్టారు, ఆ నామకరణం ఒక్కటే న్యాయంగా ఉంది. గోడౌన్ అన్న మాట కూడా మన గిడ్డంగే, మలయా మీదుగా ఇంగ్లీషుకి వెళ్ళిందని కొందరు నిఘంటుకర్తలు అంటారు. అది పందికొక్కు కంటే రెండొందల ఏళ్ళ ముందే వెళ్ళింది. గిడ్డంగి వెళ్ళాక వెనకాల పందికొక్కు వెళ్ళకుండా ఉంటుందా?

పొద్దున్నే ప్రకటించాను. ఇన్నాళ్ళూ దొడ్లో కందదుంపలు తవ్విపోస్తున్నది మామూలు జీవి కాదనీ, మన భాషని ఖండాంతరాలు దాటించిందనీ చెప్పాను.

"కంద కూడా దాటించేస్తోంది," అంది మా ఆవిడ.

సంక్రాంతి సెలవలకి మనవడు వచ్చాడు. వాడు ఆ గేమ్ ఆడతాడు. దానికి పేరు పెట్టింది మనమేనని చెబితే కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. ఆ రాత్రి దొడ్లో చప్పుడైంది. వాడు నాకంటే ముందు పరుగెత్తి, "తాతయ్యా, బ్యాండికూట్!" అని అరిచాడు.

టార్చి వేశాను. కంద మడిలో నల్లగా, పిల్లి అంత ఉంది. వెలుతురుకి జంకలేదు, నమలడం ఆపలేదు.

"చూశావుట్రా, అదీ! పంది అంటే పందే, కొక్కు అంటే..." అని మొదలుపెట్టాను.

"దాని పుట్టుపూర్వోత్తరాలు తరవాత చెబుదువుగాని," అంది వెనకనుంచి అమ్మ, "ముందా దుడ్డుకర్ర ఇటు అందుకో!"

కర్ర నా చేతికి అందేలోపు అది తాపీగా తిరిగి గోడకింద బొరియలోకి దూరిపోయింది. మనవడు నా చెయ్యి పట్టుకుని, టార్చి వెలుగులో మడంతా వెతికాడు. గేమ్‌లో హీరోకి ఎర్రటి బూట్లుంటాయి.

"తాతయ్యా, మరి దీని బూట్లేవి?"