కుక్కపిల్ల తిండి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పూర్వాహారమున నూతనాహారమును కొద్దికొద్దిగా కలుపుచు ఏడు దినములలో మార్చవలెను.

టీక: పూర్వాహారము = పిల్ల ఇంటికొచ్చేనాటికి తింటున్నది, పెరుగన్నమైనా సరే; నూతనాహారము = యజమాని మనసుపడినది; కొద్దికొద్దిగా = మొదట పావు, తర్వాత సగం, ఆపైన ముప్పావు; ఏడు దినములు = కడుపు సున్నితమైతే పది; మార్చవలెను = విధి, ఇందులో మినహాయింపు బూజు పట్టిన తిండికే.

తాత్పర్యం: లోకం ‘నూతనాహారము’ దగ్గరే ఆగిపోయి పెడిగ్రీయా, రాయల్ కానినా అని తర్కిస్తుంది. సూత్రానికి ప్రాణం ‘కొద్దికొద్దిగా’లో ఉంది. పేగుల్లోని సూక్ష్మజీవులు అలవాటైన తిండికి తగ్గట్టు పెరిగి ఉంటాయి. తిండి ఒక్కపూటలో మారితే అవి సర్దుకునేలోపే విరేచనాలు మొదలవుతాయి. ఎండుగడ్డి తినే ఒంగోలు గిత్తను ఒక్కసారిగా పచ్చిమేతలోకి దింపితే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే రైతు కుక్కపిల్ల విషయంలో మాత్రం ఆ సంగతి మరుస్తాడు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: సింగరాయకొండ వీధికుక్కలు కూరన్నం తిని బతకడం లేదా? బతికినవే వీధిలో కనబడతాయి, పోయినవి సాక్ష్యానికి రావు. అయినా అతని వాదంలో కొంత నిజముంది. 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం పిండిపదార్థాన్ని అరిగించే జన్యువుకు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులుంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. కనుక అన్నం నేరం కాదు. కాని అరగడం వేరు, ఎదుగుదలకు చాలడం వేరు. అమెరికా మేత ప్రమాణాల సంఘం ఆఫ్కో లెక్కలో, తేమ తీసేసిన ఆహారంలో పెద్ద కుక్కకు 18 శాతం మాంసకృత్తులు చాలు, పిల్లకు 22.5 శాతం కావాలి. ప్రతి కంచంలోనూ మాంసం మిగలదు కదా! మిగిలేది పులుసు. అందులో ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మన మిరప ఘాటు సంగతి సరేసరి.

మరి గేదెపాలో? తల్లికుక్క పాలకంటే వాటిలో లాక్టోజ్ ఎక్కువ, పాలు మానిన పిల్లకు దాన్ని అరిగించే శక్తి తక్కువ. ఎముకలు గట్టిపడాలని కాల్షియం టానిక్ పోస్తామంటారు ఇంకొందరు. చిన్న వయసులో పేగులు అదనపు కాల్షియాన్ని అడ్డుకోలేవు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో ఆ మిగులే ఎముకలను వంకర చేస్తుంది. పెరిగే పిల్లలకని రాసి ఉన్న సమతుల ఆహారం పెడుతున్నవారికి ఆ సీసాతో పనే లేదు.

చివరి శంక: సూత్రం పాటించినా విరేచనాలైతే? ఒక మెట్టు వెనక్కి దిగి, పాత పాళ్లకే వచ్చి, రెండురోజులు ఆగాలి. అయితే మలంలో రక్తం, వాంతులు, నీరసం కనిపిస్తే తిండిని అనుమానిస్తూ కూర్చోకూడదు. టీకాలు పూర్తికాని పిల్లకు అది పార్వో వైరస్ జబ్బు కావచ్చు. పార్వోలో గంటలు కూడా లెక్కే, కనుక పాళ్ల లెక్క ఆపి వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.