గోచీ కోసం గేర్‌బాక్సు

డాలస్‌లో ఉన్న మా బావమరిది 1969 కామారో కొన్నాడు. బండి బాగానే నడుస్తోంది. వచ్చిన చిక్కల్లా అదే. బాగా నడుస్తున్న పాత బండిని అలా వదిలేస్తే పౌరుషానికి మచ్చ కదా! "బావా, హెడర్లు వేస్తున్నా. నాలుగు బోల్టులు విప్పడం, నాలుగు బిగించడం. శనివారం మధ్యాహ్నానికల్లా అయిపోతుంది" అన్నాడు. ఏ శనివారమో చెప్పలేదు.

హెడర్ల శాస్త్రం అబద్ధమేమీ కాదు. కంపెనీ బిగించిన పోత ఇనుప మానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు సందులోంచి తోసుకుంటూ పోవాలి. హెడర్‌లో సిలిండర్‌కో గొట్టం ఉంటుంది. నాలుగూ కింద కలెక్టర్‌లో కలుస్తాయి. ముందు పోయిన పొగ వెనకదాన్ని లాక్కుపోతుంది. ఇంజను ఐదారు వేల ఆర్‌పీఎం మీద ఉరుకుతున్నప్పుడు ఆ లాగుడుకు విలువ. మావాడు పద్దెనిమిది వందల మీద కరివేపాకు తేవడానికి ఇండియన్ స్టోరుకు వెళ్తాడు.

అసలు ఆ గొట్టాలు దూరితే కదా! ఎడమవైపు స్టీరింగ్ బాక్సు, క్లచ్ లింకేజీ. కుడివైపు స్టార్టర్. పైనుంచి దిగవు, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి కిందనుంచి ఎక్కించాలి. ఎక్కాక చివరి బోల్టుకు స్పానర్ పట్టదు. మంచి స్పానర్‌ని గ్రైండర్ మీద అరగదీసి పట్టించాడు మహానుభావుడు. నేను వెళ్లిన రోజు గరాజంతా రబ్బరు కమురు కంపు. ఒక ప్లగ్గు వైరు మాడి గొట్టానికి అప్పడంలా అతుక్కుపోయింది. "చిన్న సెట్టింగు బావా" అన్నాడు.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాలకని ఆవుని, ఆవుని మేపడానికి పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనకు కొత్తదా? హెడర్లు పడ్డాయి కాబట్టి కార్బురేటర్ జెట్లు మారాయి. కింద ఆర్‌పీఎంలో లాగడం లేదని వెనక యాక్సిల్‌లో 3.08 గేర్లు తీసి 4.10 వేశాడు. సిగ్నల్ దగ్గర బండి లేడిలా దూకింది. ఫ్రీవే ఎక్కగానే, అరవై అయిదు మైళ్లకే మూడు వేల నాలుగు వందల ఆర్‌పీఎం మీద గోల పెట్టింది. దాని నోరు మూయించడానికి అయిదు గేర్ల కొత్త గేర్‌బాక్సు. అది పట్టాలంటే ఫ్లోరు టన్నెల్ కొయ్యాలి, క్రాస్‌మెంబర్ మార్చాలి, డ్రైవ్‌షాఫ్ట్ కొలిచి మళ్లీ చేయించాలి. ఇంత బలం పాత యాక్సిల్ తట్టుకోదని పది బోల్టులది తీసి పన్నెండు బోల్టులది. బ్రేకులు మాత్రం నాలుగు చక్రాలకీ 1969 నాటి డ్రమ్ములే. ఆగడం దైవాధీనం.

ఇప్పుడు చిన్న లెక్క. 4.10ని అయిదో గేరు 0.68తో గుణిస్తే 2.79. అంటే ఫ్రీవే మీద ఆ ఇంజను, కంపెనీ వాడు 3.08తో ఇచ్చినప్పటికన్నా నెమ్మదిగా తిరుగుతోంది. ఆరు వేల మీద ఊపిరి పీల్చడానికి హెడర్లు వేయించుకుని, రెండు వేల మూడు వందల దగ్గర కునుకు తీస్తోంది.

పోనీ, గుర్రాలైనా పెరిగాయా అంటే, ఆ కాలపు గుర్రాల లెక్కే వేరు. ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్, సైలెన్సర్లు లేని ఇంజనుని బల్ల మీద పెట్టి కొలిచేవారు. జడ్28 కామారోకి 1971లో 330 హార్స్‌పవర్ అన్నారు. అన్నీ తగిలించి కొలిచే పద్ధతి వచ్చాక, 1972లో దాదాపు అదే ఇంజనుకు 255 రాశారు. మా బావమరిది భార్య రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే వీ6 క్యామ్రీకి ఆ కొత్త పద్ధతిలోనే 301.

"అన్నయ్య గారూ, కరివేపాకు నేను తెస్తాలెండి" అందావిడ తాళాలు తీసుకుంటూ.

పాత బండి కొన్న తెలుగువాళ్లకు ఒక్క మనవి. హెడర్లు వేసుకుంటే వేసుకోండి, విప్పిన ఇనుప మానిఫోల్డ్‌లను మాత్రం పారేయకండి. బండి అమ్మేరోజున కొనేవాడు వాటి కోసం అడుగుతాడు.