తొంభై దగ్గర ఆగిన గీత

మాది ఇచ్ఛాపురం. పలాస నుంచి జీడిపప్పు తెచ్చి అమ్ముకునే చిన్న కొట్టు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి దానికో వెబ్ పేజీ తయారుచేసింది. గుండు ధర ఇంత, బద్ద ధర ఇంత, ఫోన్ నంబరు. అంతే!

"ఓనరు ఫొటో లేని కొట్టేటమ్మా?" అన్నాను. శాలువా కప్పుకుని స్టూడియోలో తీయించుకున్నది ఒకటుంది లెండి. 12 ఎంబీ. పేజీ నెత్తిన పెట్టించాను. సైజు తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు. నాకు నేను తగ్గిపోయినట్టుండదూ?

ఇక పేజీ తెరుచుకుంటే ఒట్టు. కవిటి నుంచి మా బావమరిది ఫోను. "బావా, అంతా తెల్లగా వస్తంది. కొట్టు మూసీసినావేటి?"

అప్పుడు అమ్మాయి పేజీ పైన ఒక నీలం గీత పెట్టింది. పేజీ వచ్చేలోపు అది ఎడమ నుంచి కుడికి పాకుతుంది. భలే నచ్చింది. పప్పు కొనడానికి వచ్చినవాళ్లకి పప్పు కంటే ముందు గీతే చూపించాను. అయితే అది తొంభై శాతం దాకా చకచకా పోయి ఆగిపోతోంది.

"మిగతా పదీ ఏటైందమ్మా?"

"అది నిజం లెక్క కాదు నాన్నా. ఫైలు మొత్తం ఎంతో సర్వరు ముందే చెబితే, వచ్చింది ఎంతో చూసి శాతం కట్టొచ్చు. ఒక్కోసారి అది చెప్పదు. పైగా ఒక ఫైలు వచ్చాక గానీ ఇంకే ఫైళ్లు కావాలో బ్రౌజరుకి తెలీదు. అందుకే టైమరు పెట్టి గీతని కొంచెం కొంచెం జరుపుతాం. అన్నీ వచ్చాకే వంద."

"మోసం కాదూ? తూకంలో గ్రాము తేడా రానివ్వను నేను!" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గు వినిపించింది.

అమ్మాయి చరిత్ర విప్పింది. ఎంత శాతం పని అయిందో కనబడితే జనం ఇష్టపడతారని బ్రాడ్ మయర్స్ అనే ఆయన 1985లోనే ప్రయోగం చేసి చెప్పాడట. 2007లో క్రిస్ హారిసన్ వాళ్లు ఇంకోటి తేల్చారట: పట్టే సమయం ఒకటే అయినా, చివర్లో పరిగెత్తే గీత త్వరగా అయినట్టుంటుంది, చివర్లో ఆగే గీత విసిగిస్తుంది.

"మరి మనది చివర్లోనే ఆగుతోంది కదా?"

"నీ శాలువా దిగాలి కదా నాన్నా."

మా ఆవిడ గరిటతో సహా బయటికొచ్చింది. "ఏటే, మీ నాన్న 'వచ్చీసినాను, వీధి చివరే ఉన్నాను' అంటారు, అలాటిదా?"

"అదేనమ్మా!"

ఆ మాట అనేటప్పుడు నేను స్టేషన్ దగ్గర టీ కొట్లో ఉంటాను. మీకు చెప్పేదేముంది, పక్క బల్ల మీద మీరే కదా.

అప్పట్నుంచి ఫోన్ చేస్తే చాలు, మా ఆవిడ "ఎంత శాతం?" అంటోంది. తొంభై అంటే, "నిజం తొంభయ్యా, టైమరు తొంభయ్యా?"

చివరికి అమ్మాయి నా ఫొటో పీకేసి, పోగు పోసిన జీడిపప్పు ఫొటో చిన్నది పెట్టేసింది. ఇప్పుడు పేజీ టక్కున తెరుచుకుంటోంది. సెకను లోపు వచ్చేదానికి గీతెందుకని అదీ తీసేసింది. గొడవ పెట్టుకుందామనుకున్నాను గానీ, ఆర్డర్లు వస్తున్నాయి.

పప్పు కావలిస్తే మీరూ అందులోనే చూసుకోండి. నన్ను చూడాలంటే మాత్రం కొట్టుకి రావాల్సిందే.