సెట్టింగ్స్ బాబాయ్

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి దోహా నజ్మా వీధిలో ఏ ఇంట్లో లైటు వెలిగినా అది సెట్టింగ్స్ బాబాయ్ ఇల్లే. హైదరాబాద్‌లో అప్పుడు తొమ్మిది. ఆఫీసు తెరవగానే అక్కణ్ణుంచి ఫోను: "సార్, టేబుల్ రిస్టోర్ కావట్లేదు!" ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు, అక్కడ శని, ఆదివారాలు. రెండు దేశాల క్యాలెండర్లూ కలిసి బాబాయ్‌కి మిగిల్చింది శనివారం ఒక్కటే. దాన్నీ పిన్ని బజారుకి పట్టుకుపోతుంది.

గల్ఫ్‌లో ప్రతి ఊళ్లో ఇలాంటి బాబాయ్ ఒకడుంటాడు. కార్డు మీద డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటుంది గానీ, ఊరి దృష్టిలో ఆయన డేటాకి భూతవైద్యుడు. ఈయన మంత్రం ఒక్కటే. "డేటా ఎక్కడికీ పోలేదురా. సెట్టింగులు కలవలేదు."

ఎర్రర్ చూసి ఆయన కంగారుపడగా నేను చూడలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం కప్పులో కరక్ చాయ్ మీద కట్టిన మీగడని వేలితో పక్కకి నెట్టి, ఓ గుక్క తాగాకే తెర వైపు చూస్తాడు. మొన్నొక కుర్రాడు పాత మైఎస్‌క్యూఎల్ 5.6 నుంచి తెచ్చిన ఫైల్ని 5.7 టేబుల్‌కి తగిలించబోతే 'స్కీమా మిస్‌మ్యాచ్' అంది. ఫైల్ పాడైపోయిందని వాడు ఏడుపు మొహం పెట్టాడు.

"పాడవలేదు నాన్నా, జాతకాలు కుదరలేదు. పిల్ల డైనమిక్, పిల్లాడు కాంపాక్ట్."

రో ఫార్మాట్ ఏదో చెప్పకపోతే 5.7లో టేబుల్ డైనమిక్‌గా పుడుతుంది. 5.6లో పుట్టింది కాంపాక్ట్. టేబుల్ని కాంపాక్ట్ అని రాసి మళ్లీ తయారు చేయించి, దాని ఖాళీ ఫైల్ని డిస్కార్డ్ చేసి, పాతది పెట్టి ఇంపోర్ట్ కొట్టించాడు. కాపురం నిలబడింది.

విండోస్ నుంచి లినక్స్‌కి మారాక టేబుల్ కనబడట్లేదని ఇంకొకడు వచ్చాడు. "విండోస్‌కి చిన్నా పెద్దా తేడా లేదు. లినక్స్ దగ్గర పెద్దక్షరం పెద్దక్షరమే!" పైగా మైఎస్‌క్యూఎల్ 8.0లో ఈ చిన్నా పెద్దా తేడా చూడాలా వద్దా అనే సెట్టింగ్ సర్వర్ని మొదటిసారి లేపినప్పుడే పెట్టాలి, తర్వాత మార్చనివ్వదు. బారసాలనాడు చెవిలో చెప్పిన పేరులాంటిదట.

ఉగాది సంగతి చెప్పాలి. మా సంఘంవాళ్లు సభ్యుల జాబితా కొత్త మిషన్‌లోకి ఎక్కించి, అచ్చు తీసి హాలు గుమ్మం దగ్గర అంటించారు. పేరున్న చోటల్లా ప్రశ్నార్థకాలు! "ఎడారిలో తెలుగువాడి ఉనికే ప్రశ్నార్థకమైంది" అంటూ కార్యదర్శిగారు ఉపన్యాసం ఎత్తుకోబోయారు.

"ఉనికి బానే ఉందండీ, ఆయ్. కాలమ్‌కి లాటిన్1 పెట్టారు."

లాటిన్1లో తెలుగు అక్షరాలకి చోటే లేదు. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే సర్వర్ అప్పుడే గొడవ చేసేది. ఎవరో మహానుభావుడు దాన్ని తీసేశాడు గనక నోరు మూసుకుని ప్రశ్నార్థకాలు రాసుకుపోయింది. వాటిలోంచి పేర్లు వెనక్కి లాగడం బ్రహ్మతరం కాదు. అదృష్టం కొద్దీ బ్యాకప్ ఫైల్లో పేర్లు చెక్కుచెదరలేదు. బాబాయ్ యూటీఎఫ్8ఎంబీ4తో టేబుల్ మళ్లీ కట్టి నింపేసరికి పులిహోర వడ్డన మొదలైంది, అందరికీ ఇంటిపేర్లతో సహా పేర్లొచ్చాయి.

ఇంత చెప్పే మనిషి చేతి గడియారం పదిహేనేళ్లుగా ఇండియా టైములోనే ఉంది. "డిఫాల్ట్ కదపకూడదురా" అంటాడు. పన్నెండున్నరకి పిన్ని అన్నానికి పిలిస్తే గడియారం చూసుకుని మూడైపోయిందేమిటని ఉలిక్కిపడతాడు. అమ్మాయి పెళ్లి ఫొటోలు మూడు హార్డ్ డిస్కుల్లో దాచాడు. ఒక్కటీ ఇంతవరకు తెరిచి చూడలేదు. పిన్ని అడిగితే "ఉన్నాయే!" అని గట్టిగా అంటాడు. ఆ గట్టితనం చూస్తే నాకే అనుమానం.

మీకెప్పుడైనా ఆయనతో పని పడితే పాత సర్వర్ వెర్షన్, క్యారెక్టర్ సెట్, రో ఫార్మాట్ ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. శనివారం మాత్రం వద్దు.