కొత్త స్పీకర్లలో పాత పాటలు వినే విధానం

వచ్చిన పాటలే మళ్లీ వినడానికి కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నవారికి ఈ సూచనలు. వరస తప్పకండి.

1. బిల్లును యాంప్లిఫయర్ మాన్యువల్లో దాచండి. ఆ పుస్తకం ఇంట్లో ఎవరూ తెరవరు, మీతో సహా.

2. రెండు స్పీకర్లూ మీరూ కలిసి సమబాహు త్రిభుజం కావాలి. ట్వీటర్లు చెవుల ఎత్తులో ఉండాలి. అడ్డొచ్చిన సోఫా, టీపాయ్ జరిపేయండి. అత్తగారి మంచం అడ్డొస్తే త్రిభుజాన్నే జరపండి.

3. ‘మాయాబజార్’ (1957)తో మొదలుపెట్టండి. అది మోనో రికార్డింగ్. రెండు పెట్టెల్లోంచీ వచ్చేది ఒకటే శబ్దం. రెండో పెట్టెకు పోసిన డబ్బు ఇప్పుడు గుర్తుచేసుకోకండి. కళ్లు మూసుకుంటే ఘంటసాల ఆ రెండింటి నడుమ, ఏ పెట్టే లేనిచోట నిలబడి పాడతారు. ‘అదిగో, అక్కడున్నారు!’ అని గోడ చూపించండి. ఇంట్లోవాళ్లు ముందు గోడను, తర్వాత మిమ్మల్ని చూస్తారు.

4. పాట వినకండి, అది మీకు వచ్చిందే. చరణానికి ముందు జానకి తీసుకునే ఊపిరి వినండి. వీణ మెట్ల మీద వేలు జారిన చప్పుడు వినండి. వేర్వేరు ట్రాకుల్లో రికార్డు చేసే సదుపాయం రాకముందు గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయించాలి. ఒక్క వయొలిన్ తడబడినా పాట మళ్లీ మొదటికే. ఈ సంగతి ప్రతి పాటనూ మధ్యలో ఆపి చెప్పండి. ఎవరినీ పల్లవి దాటనివ్వకండి.

5. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి 128 కేబీపీఎస్ ఎంపీ3లైతే గుండె దిటవు చేసుకోండి. సైజు తగ్గించడానికి వాటిలోంచి ఎప్పుడో చాలా కోసేశారు. చిన్న స్పీకర్లో పట్టుబడని ఆ దొంగతనం ఇప్పుడు తాళాల మోతలో బయటపడుతుంది. వెంటనే అన్నిటినీ, ఏమీ కోయని ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మార్చండి. పోయింది తిరిగిరాదు, ఫైలు మాత్రం లావెక్కుతుంది. మనసుకు అదే చాలు.

6. మీ స్పీకర్లు 40 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతాయని వచ్చినవాళ్లందరికీ చెప్పండి. మనిషి చెవికి హద్దు 20. వయసుతో పాటు అదీ దిగుతుంది. పైదంతా కుక్కకు వినిపించాలి కానీ, సీడీలో 22 దాటి ఏమీ ఉండదు కనుక పాపం దానికీ దక్కదు.

7. పాట కొత్తగా వినిపిస్తున్నందుకు పేరంతా స్పీకర్లకే ఇవ్వండి. ఇన్నేళ్లూ కూర తరుగుతూనో, బండి నడుపుతూనో, ఫోన్ చూస్తూనో విన్న పాట ముందు మొదటిసారి ఊరికే కూర్చున్నారన్న సంగతి ఎవరికీ చెప్పకండి.

ఇంకా కొనని వారికి ఒక మాట. ఇవాళ రాత్రి ఫోన్ పక్కగదిలో పెట్టి, ఉన్న పాత పెట్టె ముందే ఒక సినిమా పాటలన్నీ వరసగా వినండి. అప్పటికీ కొనాలనిపిస్తే నిక్షేపంగా కొనండి. కొన్నాక కూడా ఇలాగే కూర్చోండి.